మేస్త్రీ, బుల్లెమ్మా, ఒక మగ్గు జ్యూసూ

పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో మణిదీప్‌ని పెళ్ళికూతురి కంటే ముందు ఒక చేప చూసింది.

చూడటమంటే అలా ఇలా కాదు. హాల్లో గోడవారగా ఆరడుగుల గాజుతొట్టి ఉంది. దాని అడుగున ఇసుకలో, ఒక రాతి కింద చిన్న కన్నం. ఆ కన్నం గుమ్మంలో, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలాగా వేలెడంత పసుపుపచ్చ చేప ఒకటి కూర్చునుంది. ఒంటి నిండా నీలం చుక్కలు. మూతి ముడుచుకుని, కనుగుడ్లు పైకెత్తి అతన్ని ఎగాదిగా చూస్తోంది. ఈ మొహానికా మా పిల్లనిచ్చేది అన్నట్టుంది దాని వాలకం.

నీళ్ళలో బతికే ప్రాణి ఏదీ మణిదీప్‌ని ఇంతవరకూ అంత చిన్నచూపు చూడలేదు. నరసాపురం దగ్గర వాళ్ళకి ఇరవై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. బీటెక్ చదివి, హైదరాబాదులో రెండేళ్ళు కంప్యూటర్ ముందు కునికిపాట్లు పడి, దీనికంటే చెరువుగట్టే నయమని వచ్చేసిన కుర్రాడతను. కాస్త రోషం వచ్చింది. ముందుకి వంగి గాజు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. చేప తోక ఒక్కసారి ఆడించి కన్నంలోకి మాయమైపోయింది.

"గ్లాసు మీద కొట్టకండి."

తిరిగి చూస్తే గుమ్మంలో కాఫీ ట్రేతో పెళ్ళికూతురు. పేరు సత్యశ్రీ. ఫొటోలో తల వంచుకుని నవ్వుతున్న అమ్మాయికీ, ఎదురుగా కళ్ళెర్రజేస్తున్న ఈ అమ్మాయికీ ముక్కుపుడక ఒక్కటే పోలిక.

"సారీ అండి. పలకరిద్దామని కొట్టాను."

"మీరు భోంచేస్తుంటే మీ ఇంటి తలుపు మీద ఎవరైనా రోకలితో బాదితే, దాన్ని పలకరింపు అంటారేంటండీ?"

మణిదీప్ వచ్చి సోఫాలో కూర్చున్నాడు. కాఫీ అందరికీ ఇచ్చి, అతని కప్పు మాత్రం టీపాయ్ మీద పెట్టి, ఆ అమ్మాయి వెళ్ళి తొట్టి పక్కన కుర్చీలో కూర్చుంది. పెళ్ళికొడుక్కి ఎదురుగా కూర్చోవాల్సింది, చేపకి కాపలాగా కూర్చుంది.

పరిస్థితి చక్కదిద్దడానికి ఆమె తండ్రి గంగయ్యగారు రంగంలోకి దిగారు. ఆయనకి మండపేటలో రైస్ మిల్లు ఉంది, ఇల్లు మిల్లు పక్కనే. అమ్మాయి విశాఖపట్నంలో సముద్రపు జీవాల మీద ఎమ్మెస్సీ చేసిందనీ, ఇప్పుడు ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెప్తోందనీ, జీతమంతా పోసి ఈ తొట్టి పెట్టిందనీ చెప్పారు. ఆ పసుపు చేప పేరు మేస్త్రి. పేరు పెట్టింది ఆయనే. మిల్లులో కూలీలు బస్తాలు మోస్తుంటే మేస్త్రి పక్కన నిలబడి చూస్తుంటాడు కదా, ఇదీ అంతేనట. కన్నం తవ్వే కూలీ వేరే ఉంది. అదొక రొయ్య. దాని పేరు బుల్లెమ్మ.

రొయ్య అనే మాట వినబడగానే మణిదీప్ తండ్రి పెద్దిరాజు గారికి ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా ఆయన గోడ మీద క్యాలెండరు చదువుతున్నారు. లేచి తొట్టి దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. కన్నంలోంచి చిటికెన వేలంత ఎర్రచారల రొయ్య ఒకటి, రెండు చేతుల్తో ఇసుక తోసుకుంటూ బయటికొచ్చింది. దాని పొడుగాటి మీసం ఒకటి మేస్త్రి వీపు మీద ఆని ఉంది.

"కౌంటెంత తూగుతుందమ్మా ఇది?" అన్నారాయన. కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది తప్ప ఆయనకి రొయ్య గురించి తెలుసుకోవాల్సిందింకేమీ లేదు.

"ఇది తూకానిక్కాదంకుల్."

సరిగ్గా అప్పుడే తొట్టిలోంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. గాజు పగిలిందనుకుని పెద్దిరాజు గారు వెనక్కి గెంతారు. చేతిలో కాఫీ సగం తెల్లపంచె మీద పడింది. బుల్లెమ్మ తన పెద్దచెయ్యి మూసినప్పుడల్లా అలా చిటిక వేసినట్టు మోగుతుందనీ, ఆ దెబ్బకి చిన్న చిన్న పురుగులు సొమ్మసిల్లిపోతాయనీ సత్యశ్రీ చెప్పింది. చెప్తూ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కాఫీ పడ్డ పంచెను చూసి వచ్చిందే అయినా మణిదీప్‌కి బాగుంది.

పెద్దిరాజు గారు పంచె దులుపుకుని, తొట్టిని ఆ చివర్నించి ఈ చివరికి చూసి, చివరికి తీర్పు చెప్పారు. "అంతా బానే ఉంది గానీ, నీళ్ళకి కలర్ లేదమ్మా."

ఇక్కడ ఆయన్ని కొంచెం అర్థం చేసుకోవాలి. రొయ్యల చెరువులో నీళ్ళు పచ్చగా ఉండాలి. అడుగు కనబడే నీళ్ళంటే రైతుకి పరువు తక్కువ. అందుకని బెల్లం, తవుడు, ఈస్టు కలిపి డ్రమ్ములో పులియబెట్టి చెరువులో పోస్తారు. దాన్ని జ్యూస్ అంటారు. జ్యూస్ పడితే నీళ్ళు కలర్ తిరుగుతాయి, రొయ్య ఊపందుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన కళ్ళు అలవాటుపడ్డది అలాంటి నీళ్ళకి. ఈ తొట్టి నీళ్ళు చూస్తుంటే బోసిమెడ చూసినంత బాధగా ఉందాయనకి.

సత్యశ్రీ ఓపిగ్గా చెప్పింది. ఇవి చెరువులో బతికేవి కావనీ, అండమాన్ సముద్రంలోనో ఇంకా అవతలో పగడపు దిబ్బల పక్కన ఇసుకలో ఉంటాయనీ, అక్కడి నీళ్ళలో బలం తక్కువ కాబట్టే అద్దంలా ఉంటాయనీ, పగడాలకి ఎండ తగలాలంటే అలాగే ఉండాలనీ చెప్పింది. పెద్దిరాజు గారు తల ఊపారు. డాక్టరు చెప్పిందంతా విని, బయటికొచ్చి తనకి తెలిసిన బిళ్ళ కొనుక్కునేవాళ్ళు ఊపినట్టు ఊపారు.

తర్వాత పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. పైన సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరూ వాటర్ ట్యాంకు కింద, చూరు ఉన్నమేర సర్దుకుని నిలబడాల్సి వచ్చింది. చూరు చిన్నది. మణిదీప్ మర్యాదకి పోయి ఎడమభుజం వానకి వదిలేశాడు.

"ముందే చెప్పేస్తున్నానండి," అంది సత్యశ్రీ. "నాతోపాటు ఆ తొట్టి కూడా వస్తుంది."

ఇంతకుముందు అయిదుగురు వచ్చి వెళ్ళారట. ఒకాయన ఇవి ఎప్పటికి కూరకొస్తాయని అడిగాడు. ఒకాయన తల్లి నైరుతిలో నీళ్ళుండకూడదంది. మూడో ఆయన బాల్కనీలో పెడదామన్నాడు, ఎండకి ఉడికిపోవడానికి. నాలుగో ఆయన తను కావాలో తొట్టి కావాలో తేల్చుకోమన్నాడు. ఆమె చటుక్కున తేల్చుకుంది. అయిదో ఆయన కరెంటు బిల్లు అడిగి, మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

"కరెంటు పోతే మీకెలాగండీ?" అన్నాడు మణిదీప్. అడిగింది కంగారుతో. చెరువుల వాళ్ళకి కరెంటు పోవడమంటే గుండె ఆగడమే.

"ఇన్వర్టరుంది. నాలుగు గంటలొస్తుంది. ఆ తర్వాత దేవుడే."

"మాకు జనరేటర్లు రెండున్నాయండి. కరెంటు పోయిన పది సెకన్లలో ఒకటి లేస్తుంది. అది లేవకపోతే రెండోది లేస్తుంది. రెండూ లేవకపోతే మా నాన్న లేస్తారు."

సత్యశ్రీ అతని వంక చూసింది. వచ్చినప్పట్నించీ చూడనట్టు చూసింది. ఆడపిల్ల మనసు కరగడానికి కవులు వెన్నెలనీ మల్లెపూలనీ చాలా రాశారు గానీ, జనరేటరు సంగతి ఎవరూ రాసినట్టు లేదు.

ఆ తర్వాత ఆమే మాట్లాడింది. బుల్లెమ్మకి కళ్ళు దాదాపు కనబడవట. బయటికొచ్చినంతసేపూ ఒక మీసం మేస్త్రి ఒంటి మీద వేసే ఉంచుతుందట. తవ్వడం తన పని, కాపలా వాడి పని. వాడు తోక కదిపాడంటే చేతిలో ఇసుక ఎక్కడిదక్కడ వదిలేసి లోపలికి పోతుంది.

"ఎందుకని అడగదు, ఏమైందని చూడదు," అంది. "చూడటానికి కళ్ళేవి? వాడి మీద అంత నమ్మకం."

ఈ అమ్మాయి తనని అలా నమ్మితే ఎలా ఉంటుందో అని మణిదీప్ అనుకున్నాడు. అనుకున్న వెంటనే భయమేసింది, అంతలోనే సంతోషమేసింది. వాన పెరిగింది. ఆమె కొంచెం పక్కకి జరిగి, అతని భుజానికి కూడా చూరు కింద చోటిచ్చింది.

తిరుగు ప్రయాణంలో అతను కారు నడుపుతున్నాడనే గానీ మనసు వాటర్ ట్యాంకు కిందే ఉంది. రావులపాలెంలో వెనకసీట్లోంచి తల్లి అరటిపళ్ళ గెల కొందామంది. గెల పెట్టడానికి డిక్కీ తీశాడు. డిక్కీలో అయిదు లీటర్ల జ్యూస్ క్యాన్ ఉండాలి. దారిలో బాబాయి వాళ్ళ చెరువుకి ఇవ్వడానికని పొద్దున తనే నింపి పెట్టాడు. ఎత్తి చూస్తే కొంత వెలితిగా ఉంది.

"ఇందులోది ఏమైంది నాన్నా?"

పెద్దిరాజు గారు అరటిపండు ఒలుచుకుంటూ, ఎవరికీ తెలియని పుణ్యకార్యం చేసినవాడిలా నవ్వారు. గంగయ్య ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడట. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారట. ఆ సందులో ఒక్కటంటే ఒక్క మగ్గు, రాయి వెనకాల, ఎవరి కంటా పడకుండా పోశారట. కలుపుకోబోయే సంబంధం, చేతనైన సాయం చెయ్యొద్దా అన్నారు. తెల్లారేసరికి కలర్ తిరిగితే అమ్మాయే ఫోన్ చేసి థాంక్స్ చెప్తుందన్నారు.

ఎకరం చెరువుకి పోసే సరుకు అది. ఆరడుగుల తొట్టిలో మగ్గు పోస్తే నీళ్ళలో గాలి అయిపోతుందని మణిదీప్‌కి తెలీక కాదు. ఫోన్ తీశాడు. 'సత్యశ్రీగారూ, ఒక పొరపాటు జరిగింది' అని టైపు చేశాడు. చెరిపేశాడు. మళ్ళీ టైపు చేశాడు. ఇప్పుడిది పంపితే ఏమవుతుంది? ఆరో సంబంధం కూడా అటకెక్కుతుంది. తండ్రి పరువు పోతుంది. ఆ చూరు కింద మళ్ళీ నిలబడే యోగం ఉండదు. అంతా చేసి ఒక్క మగ్గు కదా, ఏమీ కాదేమోలే అని తనకి తనే చెప్పుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు. అప్పుడు టైము సాయంత్రం అయిదున్నర.

పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగింది.

"తొట్టిలో నీళ్ళు పాలలా తెల్లగా అయిపోయాయండి." ఫోన్లో సత్యశ్రీ. "చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మీరు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళని అడుగుతున్నాను. నిన్న మీవాళ్ళెవరైనా ఇందులో ఏదైనా వేశారా?"

మణిదీప్ తండ్రి పేరు ఎత్తలేదు. "నేనే పోశానండి. జ్యూస్. ఒక మగ్గు."

తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాడు. తిట్టలేదు. అతనే గబగబా చెప్పాడు. గాలి గొట్టాలు ఇంట్లో ఎన్నుంటే అన్నీ తొట్టిలో పెట్టమన్నాడు. మగ్గుతో నీళ్ళు ఎత్తి పైనుంచి ధారగా పోస్తూ ఉండమన్నాడు. సముద్రం నీళ్ళు పట్టుకుని మూడు గంటల్లో అక్కడుంటానన్నాడు. ఆమె సరే అని కూడా అనకుండా ఫోన్ పెట్టేసింది.

పేరుపాలెం వైపు సముద్రపొడ్డున వాళ్ళకి తెలిసిన హేచరీ ఒకటుంది, రొయ్యపిల్లల్ని పొదిగే చోటు. అక్కడ నీళ్ళు వడకట్టి, శుద్ధి చేసి, ఉప్పు కొలిచి ఉంటాయి. పిల్లల్ని చెరువులకి తోలే వ్యాను డ్రైవరు ఆశీర్వాదం పళ్ళు తోముకుంటున్నవాడల్లా సంగతి విని, నోరు పుక్కిలించి ఎక్కేశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో లక్షలాది రొయ్యల్ని బతికించాను గానీ, ఒక్క రొయ్య కోసం బండి తీయడం ఇదే మొదటిసారి అన్నాడు. అన్నాడే గానీ పాలకొల్లు, సిద్ధాంతం, రావులపాలెం ఎలా దాటించాడో ఆ దేవుడికే తెలియాలి. పెద్దిరాజు గారు కూడా ఎక్కారు. దారిపొడుగునా వెనక నీళ్ళ డ్రమ్ములు పట్టుకునే కూర్చున్నారు.

తొమ్మిది దాటేసరికి మండపేట చేరారు. సత్యశ్రీ తడిసిన చున్నీ నడుముకి బిగించి, మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూనే ఉంది. చెయ్యి వాచిపోయింది. మిగతా చేపల్ని పట్టి, గాలి పెట్టిన బకెట్లలో వేసింది. మేస్త్రి మాత్రం చిక్కలేదు. మిగతావన్నీ ఊపిరాడక పైకొస్తే వాడు కన్నం గుమ్మం వదల్లేదు. లోపల బుల్లెమ్మ ఉంది మరి. పక్కకి ఒరిగిపోయి, దవడలు ఎగరేస్తూ, ఆ తెల్లనీళ్ళలో అక్కడే ఉన్నాడు.

తండ్రీకొడుకులు ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. చేతులు వాటంతటవే పనిచేశాయి. పాతనీళ్ళు సగం పైగా లాగేశారు. కొత్తనీళ్ళు ఒక్కసారి పొయ్యకుండా, రొయ్యపిల్లల్ని చెరువులో దించేటప్పుడు అలవాటు చేసినట్టు, సన్నటి పైపుతో మెల్లమెల్లగా వదిలారు. పెద్దిరాజు గారు గంటసేపు మోకాళ్ళ మీద కూర్చుని పైపు పట్టుకున్నారు. గంగయ్యగారు కుర్చీ వెయ్యబోతే వద్దన్నారు. మధ్యాహ్నం దాటాక నీళ్ళు తేటపడ్డాయి. మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు. బుల్లెమ్మ మాత్రం కనబడలేదు. చప్పుడూ లేదు.

అందరూ తొట్టి ముందు కింద కూర్చుని వింటున్నారు. అలా వింటూ వింటూ పెద్దిరాజు గారు అన్నారు.

"పోసింది వాడు కాదమ్మా. నేను. వాడికి తెలీదు."

మణిదీప్ కళ్ళు మూసుకున్నాడు. సత్యశ్రీ ఆయన తడిసిన పంచె వైపు చూసి, తెలీక చేశారులెండి అంకుల్ అంది. తర్వాత మణిదీప్ వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

పొద్దున్నే అని చెప్పొచ్చు. తండ్రి తోవ కూడా వేసి పెట్టాడు. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తూ అబద్ధం చెప్పడం అతనివల్ల కాలేదు.

"రావులపాలెంలోనండి. నిన్న సాయంత్రం అయిదున్నరకి."

"అప్పుడే ఒక్క ఫోన్ చేసుంటే అప్పటికప్పుడు నీళ్ళు మార్చేదాన్ని. ఇంత జరిగేది కాదు."

"సంబంధం చెడిపోతుందని భయపడ్డానండి. మీరు నచ్చారు. అందుకని."

"మేస్త్రికి ఉన్న ఉద్యోగం ఒక్కటేనండి," అంది సత్యశ్రీ. "ప్రమాదం వస్తే తోక కదపడం. మీరు కదపలేదు."

వెళ్ళేటప్పుడు గంగయ్యగారు గేటు దాకా వచ్చి, కబురు చేస్తామన్నారు. గోదావరి జిల్లాల్లో పెళ్ళివారు కబురు చేస్తామన్నారంటే ఇంక ఆ ఊరి బస్సు టైములు మర్చిపోవచ్చని అర్థం.

పది రోజులు గడిచాయి. మణిదీప్ చెరువుగట్ల మీద తిరుగుతున్నాడు, మేత వేయిస్తున్నాడు, అన్నం తింటున్నాడు, ఏదీ ఒంటికి పట్టడంలేదు. రోజూ ఆమె వాట్సాప్ స్టేటస్ చూస్తున్నాడు. ఒక్కటే ఫొటో ఉంటుంది. కన్నం గుమ్మంలో మేస్త్రి. వీపు మీద మీసం లేదు. ఎవరూ లేని కన్నానికి వాడు కాపలా కాస్తున్నాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా మణిదీప్ దాన్ని పెద్దది చేసి మీసం కోసం వెతికేవాడు. పెద్దిరాజు గారి సంగతి ఇంకా అధ్వానం. కాఫీలో బెల్లం వేసుకునే మనిషి, బెల్లం చూస్తే మొహం తిప్పేసుకుంటున్నారు.

పదకొండో రోజు స్టేటస్‌లో వేరే ఫొటో వచ్చింది. ఇసుక మీద ఎర్రచారల రొయ్య పెంకు. కింద పగిలిన గుండె బొమ్మ. మణిదీప్ ఆ ఫోన్ అరుగు మీద పెట్టి, మోటారు చూడ్డానికి వెళ్ళినట్టు చెరువు అవతలి గట్టుకి వెళ్ళిపోయాడు. ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాడు కూడా, దాచడమెందుకు.

గంటకి తిరిగొస్తే ఫోన్ అరుగు మీదే ఉంది. తండ్రి లేడు, కారు లేదు. నాన్న ఎక్కడమ్మా అంటే తల్లి బియ్యం ఏరుతూ చెప్పింది. ఆయన ఈ ఫోనులో బొమ్మ చూసి, కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసి, 'ఓరి నీ' అనుకుంటూ క్యాన్ ఒకటి పట్టుకుని మండపేట బయల్దేరారట. హేచరీ మీదుగా వెళ్తానన్నారట.

క్యాన్ అని విన్నాక తల్లి మాట పూర్తి కానివ్వలేదు. మణిదీప్ వేళ్ళు ఫోన్ మీద ఉన్నాయి.

'మా నాన్న మీ ఇంటికి బయల్దేరారు. చేతిలో క్యాన్ ఉంది. అందులో ఏముందో నాకు తెలీదు. తొట్టికి మూత వెయ్యండి. దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టండి.'

ఈసారి చదువుకోలేదు, చెరపలేదు. పంపేశాక అతనికి తట్టింది, కన్నతండ్రి మీద చాడీ రాశానని. రాస్తే రాశానులే అనుకుని బైకు తీశాడు. సిద్ధాంతం దాటేసరికి వాన అందుకుంది. మామూలు వాన కాదు, ఎవరో పైన డ్రమ్ములు బోర్లించినట్టు కురిసింది. మండపేటలో బైకు దిగేసరికి అతని జేబులో కూడా నీళ్ళున్నాయి.

సత్యశ్రీయే తలుపు తీసింది. తువ్వాలు ఇచ్చింది. లోపల తొట్టి మీద మూత ఉంది, మూత మీద తవుడు బస్తా ఒకటి ఉంది, బస్తా పక్కన గంగయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎదురు సోఫాలో పెద్దిరాజు గారు, ఒళ్ళో క్యాన్ పెట్టుకుని, హెడ్మాస్టరు గదిలో కూర్చున్న పిల్లాడిలా ఉన్నారు.

"సముద్రం నీళ్ళురా," అన్నారు దీనంగా. "వడకట్టినవే. ఉట్టి చేతుల్తో రాకూడదని తెచ్చాను. నమ్మడం లేదు."

"నా మెసేజ్ మీకు ఎప్పుడందిందండీ?" అన్నాడు మణిదీప్, తల తుడుచుకోవడం మర్చిపోయి.

"అంకుల్ గారి కంటే గంటన్నర ముందు. మీకు తెలిశాక ఎంతసేపటికి పంపారు?"

"మా అమ్మ మాట పూర్తి చేసేలోపే."

వాన నీళ్ళు అతని జుట్టులోంచి కారి ముక్కు చివర ఆగి ఉన్నాయి. వాటినే చూస్తూ ఆమె, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా అంది. "తోక కదిపారు."

అప్పుడు పెద్దిరాజు గారు గొంతు సవరించుకుని తను వచ్చిన పని చెప్పారు. ఆ పెంకు ఒకసారి తెమ్మన్నారు. సత్యశ్రీ అగ్గిపెట్టెలో దూది వేసి దాచిన పెంకు తెచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి పట్టారు. చచ్చిన రొయ్యయితే లోపల కండ ఉంటుంది, వాసనుంటుంది. ఇది ఉత్త గుల్ల. తల వెనకాల అడ్డంగా విచ్చుకుని ఉంది.

"ఇది చావలేదమ్మా. పెంకు విడిచింది. ఒంటికి కష్టమొస్తే రొయ్య చేసే పని అదే. కొత్తపెంకు గట్టిపడేదాకా ఎక్కడో నక్కి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఈ ఒక్క విషయంలో నన్ను నమ్ము."

సత్యశ్రీ ఆ గుల్ల వైపు చూసింది. ఇది పుస్తకాల్లో చదివిందే, పిల్లలకి పాఠం చెప్పిందే. "కళ్ళనిండా నీళ్ళుంటే చీలిక కనబడలేదంకుల్," అంది. మళ్ళీ అవే నీళ్ళు వచ్చాయి.

గంగయ్యగారు బస్తా దించారు, మూత తీశారు. నలుగురూ తొట్టి ముందు చేరారు. మేస్త్రి గుమ్మంలో ఉన్నాడు. బయట వాన తప్ప ఇంకో చప్పుడు లేదు. చాలాసేపయింది. గంగయ్యగారు నడుం నొప్పని లేవబోయారు. అంతలో మేస్త్రి వీపు వెనకాల ఇసుక కదిలింది. కొంచెం ఆగి ఇంకొంచెం కదిలింది. కన్నంలోంచి వెంట్రుకంత మీసం ఒకటి బయటికొచ్చి, తడుముకుంటూ, తడుముకుంటూ, మేస్త్రి ఒంటి మీద ఆనింది.

టక్.

సత్యశ్రీ ఆ సంతోషంలో పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరిదో చూసుకోలేదు. మణిదీప్‌కి మాత్రం ఎవరిదో బాగా తెలుసు.

పెద్దిరాజు గారు కళ్ళు తుడుచుకున్నారు. తొట్టికి ఇంకొంచెం దగ్గరికి వెళ్ళారు. అపరాధం తీరిపోయింది, బుల్లెమ్మ బతికింది, మనసు తేలికపడింది. తేలికపడగానే పాతబుద్ధి తల ఎత్తింది. నీళ్ళని ఆ చివర్నించి ఈ చివరికి చూశారు. క్యాన్ మూత మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"అంతా బానే ఉంది గానీ," అన్నారు, "ఇప్పటికీ నీళ్ళకి కొంచెం కలర్..."

"మావయ్యగారూ, ఆ క్యాన్ కింద పెట్టండి."

గంగయ్యగారు కూతురి వైపు చూశారు. వంటింటి గుమ్మంలో సత్యశ్రీ తల్లి చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. పెద్దిరాజు గారు ఆ పిలుపుని లోపలికి తీసుకుని, క్యాన్‌ని రెండు చేతులతో, గుడి మెట్టు మీద కొబ్బరికాయ పెట్టినంత భక్తిగా నేల మీద పెట్టారు.

"పెట్టానమ్మా," అన్నారు. "నువ్వు చెప్పాక ఇంక ముట్టుకోను."

సత్యశ్రీకి తన నోట్లోంచి వచ్చిన మాట అప్పుడు వినబడింది. మొహం ఎర్రబడింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు, చెయ్యీ వెనక్కి తీసుకోలేదు. గంగయ్యగారు తెచ్చిపెట్టుకున్న గాంభీర్యంతో, తొట్టి పట్టేంత హాలు మీ ఇంట్లో ఉందా లేదా, ముందు కొలతలు పంపించండి అన్నారు పెద్దిరాజు గారితో.

మణిదీప్ ఇంకా తడిబట్టలతో అలాగే నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద చిన్న మడుగు కట్టింది. కన్నం గుమ్మంలోంచి మేస్త్రి అతన్ని మొదటిరోజులాగే ఎగాదిగా చూశాడు. ఈసారి లోపలికి పోలేదు.